కోటేశ్వరరావు అనే పేరుకు అర్థం తెలుసుకోవడం ఎలా?

గుంటూరు ప్రాంతంలో మగవారికి పెట్టే సంప్రదాయ నామాలలో కోటేశ్వరరావు ఒకటి. దాని అర్థం అడిగితే చాలామంది తడుముకోకుండా "కోట్లకు అధిపతి" అంటారు. ఆ మాట నమ్మే ముందు పేరును విడదీసి చూడాలి.

మొదట చూడవలసింది అక్షరం. కోటి అనే పదానికి ఈశ్వర శబ్దం చేరితే సవర్ణదీర్ఘ సంధి వల్ల కోటీశ్వర అవుతుంది. ధనవంతుణ్ణి మనం కోటీశ్వరుడు అనేది అందుకే. 'టే' రావాలంటే గుణసంధి జరగాలి, అంటే ముందు పదం అకారాంతమై ఉండాలి. కాబట్టి పాత దస్తావేజులోనో శుభలేఖలోనో తాతగారి పేరు 'టీ'తో ఉన్నదో 'టే'తో ఉన్నదో తెలుగు లిపిలోనే చూసుకోవాలి. ఇంగ్లీషు స్పెల్లింగు ఇంటికొక తీరుగా ఉంటుంది.

ఆ అకారాంత పదమేదో నిఘంటువు కన్నా కొండే బాగా చెబుతుంది. నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ 2022లో జిల్లాల విభజన జరిగేవరకు గుంటూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు పల్నాడు జిల్లాలో చేరింది. దాని మూడు శిఖరాలు బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలుగా ప్రసిద్ధి. సంస్కృతంలో శిఖరాన్ని కూటం అంటారు కనుక అది త్రికూటాద్రి, అక్కడి శివుడు త్రికూటేశ్వరుడు. ఆ మాటే జనం నోట త్రికోటేశ్వరుడై, కోటయ్యగా, కోటప్పగా నిలిచింది. ఇలా చూస్తే కోటేశ్వరుడంటే శిఖరాలకు అధిపతి, ధనంతో సంబంధం లేదు. ఇంట్లో ముద్దుగా 'కోటి' అని పిలవడమే ఈ గందరగోళానికి కొంత కారణమని నా అనుమానం.

రావు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. రాజ శబ్దం రాయగా, రావుగా మారిన గౌరవవాచకం అది.

ఆపైన పెద్దలను అడగాలి. అయితే "ఈ పేరుకు అర్థమేమిటి" అని కాదు, "ఏ మొక్కుకు పెట్టారు" అని అడగాలి. శివరాత్రి తిరునాళ్ళకు ప్రభలు కట్టే ఊళ్ళలో సంతానం కోసం కోటయ్యకు మొక్కుకొని, ఆడపిల్ల పుడితే కోటేశ్వరమ్మ అనీ, మగపిల్లవాడైతే కోటేశ్వరరావు అనీ పెట్టుకోవడం ఉంది. తాత పేరే మనుమడికి వచ్చిన ఇళ్ళలో ఆ మొక్కు రెండు మూడు తరాల వెనక ఉంటుంది కనుక దాయాదుల ఇళ్ళలోనూ విచారించాలి.

సాంబశివరావును విడదీయడానికీ ఇదే దారి: 'స' అంటే కూడిన, 'అంబ' అంటే పార్వతి, వెరసి అంబతో కూడిన శివుడు. నరసింహారావు విషయంలో మాత్రం పదాన్ని విడదీసే శ్రమ పెద్దగా ఉండదు. ఆ ఇంటివారు మంగళగిరి పానకాల స్వామికి మొక్కారా, వేదాద్రి నరసింహునికి మొక్కారా అన్నదే అడిగి తెలుసుకోవాలి.