కథ రాయడం నేర్చుకుందాం – 5: పతాక సన్నివేశానికి ముందు పాఠకుడికి ఏం తెలియాలి?

క్రితం పాఠంలో సంఘర్షణ గురించి చెప్పుకున్నాం. ఒకే వస్తువు కోసం ఇద్దరు పట్టుబట్టే దృశ్యం ఒక పేజీలో రాసి ఉంచమన్నాను. ఆ పేజీ దగ్గర పెట్టుకోండి, చివర్లో దానితో పని ఉంది. ఈసారి క్లైమాక్స్, అంటే పతాక సన్నివేశం సంగతి చూద్దాం.

కొత్తగా రాసేవాళ్లలో చాలామంది పతాక సన్నివేశం అనగానే ఏదో పెద్ద సంఘటన కోసం వెతుకుతారు. ఒక ప్రమాదం, ఒక చావు, ఎవరూ ఊహించని రహస్యం. ఆఖరి పేజీ దాకా గుట్టుగా దాచి ఒక్కసారిగా బయటపెడితే పాఠకుడు ఉలిక్కిపడతాడనుకుంటారు. పడతాడు, నిజమే. కానీ ఆ ఉలికిపాటు క్షణంలో చల్లారిపోతుంది. రెండోసారి చదివితే అదీ ఉండదు. పాఠకుడికి చాలావరకు ముందే తెలిసి, ఎప్పుడు జరుగుతుందా, ఎలా జరుగుతుందా అని ఎదురుచూస్తున్నది జరిగినప్పుడే ఆ సన్నివేశం మనసులో నిలుస్తుంది. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఈ తేడాను సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫోతో మాట్లాడుతూ ఒక ఉదాహరణతో విడమరిచాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏవో కబుర్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబుంది. ఆ సంగతి చెప్పకుండా పేల్చేస్తే ప్రేక్షకులకు దక్కేది 15 సెకన్ల ఆశ్చర్యం. బాంబు పెట్టడం ముందే చూపించి, ఒంటిగంటకు పేలుతుందని తెలియజేసి, గోడగడియారంలో పన్నెండూ ముప్పావు చూపిస్తే, అవే కబుర్లు 15 నిమిషాల ఉత్కంఠ అవుతాయి. బల్ల దగ్గర మాట ఒక్కటీ మారలేదు. చూసేవాడికి తెలిసినది మారింది, అంతే.

ఇది సినిమాతో పుట్టిన కిటుకేమీ కాదు. ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన 'ఈడిపస్' నాటకానికి వచ్చిన గ్రీకులకు ఆ పురాణగాథ ముందే తెలుసు. తండ్రిని చంపినవాడూ, తల్లిని పెళ్లాడినవాడూ రాజు ఈడిపసేనని తెలిసే వచ్చి కూర్చున్నారు. కొరింథు నగరం నుంచి వచ్చిన దూత రాజు భయం పోగొడదామని ఒక నిజం చెబుతాడు. ఆ నిజమే రాజు పుట్టుకను బయటపెట్టి అతన్ని కూలుస్తుంది. కథ అడ్డం తిరగడమంటే ఏమిటో చెప్పడానికి అరిస్టాటిల్ ఎంచుకున్నది ఈ ఘట్టాన్నే.

భరతుడి నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని ఐదు సంధులుగా, అంటే ఐదు దశలుగా చూస్తుంది. ముఖంలో బీజం పడుతుంది. ప్రతిముఖంలో అది కనబడీ కనబడనట్టు మొలకెత్తుతుంది. గర్భంలో నాయకుడు కోరుకున్న ఫలం చేతికందినట్టే అంది జారిపోతుంది, మళ్లీ వెతుకులాట మొదలవుతుంది. విమర్శంలో కోపమో ప్రలోభమో ఆపదో అడ్డం పడుతుంది. ఇవన్నీ ఒకచోటికి చేరేది నిర్వహణంలో. ఐదింట్లో నాలుగు ఆ చివరిదాని కోసం ప్రేక్షకుణ్ని సిద్ధం చేయడానికే ఉన్నాయి! కథలు రాసేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే పటం నాకు కనబడలేదు. జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో కథ శిఖరానికి ఎక్కి దిగే తీరును చూపిస్తూ ఇచ్చిన పిరమిడ్ బొమ్మ మీకు చాలా చోట్ల తగులుతుంది. అది ఐదంకాల నాటకాన్ని దృష్టిలో పెట్టుకుని గీసినది, అందులో శిఖరం నాటకం నడిమధ్యన ఉంటుంది. చిన్న కథకు దాన్ని యథాతథంగా తెచ్చి అతికిస్తే రెండో సగం చప్పబడుతుంది.

ఇప్పుడు ఒక కథ చేసి చూద్దాం. అన్నదమ్ములిద్దరు. చాలా ఏళ్లుగా మాటల్లేవు. తమ్ముడు అప్పుల్లో మునిగి, ఉమ్మడి ఇల్లు అమ్మేద్దామని కాగితాలతో వచ్చాడు. అన్న సంతకం కావాలి.

పైకి కనబడే ప్రశ్న ఒకటుంది: అన్న సంతకం పెడతాడా? దాని అడుగున ఇంకొకటుంది: తమ్ముణ్ని క్షమిస్తాడా? మొదటి ప్రశ్న కథను నడిపిస్తుంది, రెండోది పాఠకుణ్ని పట్టి ఉంచుతుంది. రెండింటికీ ఒకే చోట, ఒకదాని వెంట ఒకటిగా జవాబు దొరికేలా రాయగలిగితే అదే మీ పతాక సన్నివేశం.

మొదటి చిత్తుప్రతిలో సాధారణంగా ఇలా వస్తుంది: 'అన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒరేయ్ తమ్ముడూ, నిన్నెప్పుడో క్షమించానురా అంటూ గుండెకు హత్తుకున్నాడు.' ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ పాఠకుడు చేయాల్సిన పని కూడా లేదు, అంతా రచయితే చేసేశాడు.

ఇంకోలా ప్రయత్నిద్దాం. మొదటి పేజీలోనే అన్న జేబులో ఒక తాళంచెవి పెడదాం. తమ్ముడు వెళ్లిపోయిన రోజున అతని గదికి వేసిన తాళానిది. అన్న దాన్ని ఎక్కడా పెట్టడు, ఎవరికీ ఇవ్వడు. కథ మధ్యలో తమ్ముడు మంచినీళ్ల కోసం లోపలికి వెళ్తూ ఆ గది ముందు ఆగుతాడు. తాళం చూస్తాడు. అడగడు. అన్న కూడా అటు చూసి తల తిప్పుకుంటాడు. ఇక పాఠకుడికి అన్నీ తెలుసు. తెలిసే ఎదురుచూస్తుంటాడు. చివరికి:

'అన్న కాగితాలన్నీ చదివాడు. సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టి, జేబులోంచి తాళంచెవి తీసి కాగితాల మీద ఉంచాడు. "ఇచ్చేసే ముందు ఒకసారి నీ గది చూసుకో" అన్నాడు.'

క్షమ అన్న మాట ఎక్కడా లేదు. సంతకంతో మొదటి ప్రశ్న, తాళంచెవితో రెండోది తీరిపోయాయి. ఇల్లు పోయింది కాబట్టి ఆ క్షమకు ఒక ఖరీదు కూడా ఉంది. ఈ ఖరీదును మాత్రం ఎప్పుడూ మరిచిపోకండి. ఏ దారి పట్టినా పాత్ర ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. నష్టం లేని నిర్ణయం ఎంత గట్టిగా చెప్పినా పతాక కాదు. ఇప్పుడు తాళంచెవిని మొదటి పేజీ నుంచి తీసేసి ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదవండి. అవే మాటలు, కానీ ప్రాణం ఉండదు.

సంగీతం దగ్గర ఇది ఇంకా తేటగా వినిపిస్తుంది, ఎందుకంటే అక్కడ దాచడానికి రహస్యమంటూ ఏదీ ఉండదు. రాగాలాపనలో గాయకుడు పైకి వెళ్తూ నిషాదం (ని) దగ్గర తచ్చాడుతున్నాడంటే తారస్థాయి షడ్జం (పై స) రాబోతోందని వినేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. అందుకే అది ఆలస్యమైన కొద్దీ ఊపిరి బిగబడతారు. కచేరీలో మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం చివర ముక్తాయింపు, అంటే ముగింపు వరుస, మూడుసార్లు పలుకుతుంది. మొదటిసారి వింటాం, రెండోసారి గుర్తుపడతాం, మూడోసారి మృదంగంతో పాటు మనమూ పాట మళ్లీ అందుకునే ఎత్తుగడ దగ్గరికి చేరుకుంటాం. ఆ ఆనందం ముందే తెలిసినందువల్ల వచ్చింది. పాశ్చాత్య సంగీతంలో ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ 1928లో కట్టిన 'బొలేరో' సుమారు 15 నిమిషాలు సాగుతుంది. చిన్న డ్రమ్ము మీద ఒకే లయ, మళ్లీ మళ్లీ అవే వరుసలు, ఒక్కో వాద్యం చేరుతూ పెరిగే నాదం. శ్రుతి మాత్రం దాదాపు చివరి దాకా ఒకచోటే నిలిచి ఉంటుంది. చిట్టచివర కాసేపు పక్కకు జరిగేసరికి మొత్తం నేల కదిలినట్టనిపిస్తుంది. అంతసేపు కదలకుండా ఉండటమే ఆ చిన్న మార్పుకు అంత బలమిచ్చింది.

సినిమాలో ఎడిటర్లు సమాంతరంగా నడిచే రెండు దృశ్యాల మధ్య అటూ ఇటూ మారుస్తూ, షాట్ల నిడివి తగ్గించుకుంటూ వస్తారు. పరుగెత్తేవాడు ఒకచోట, గడియారం ఇంకోచోట. రాతలో దీనికి సాటి వచ్చేది వాక్యం పొడవు. అయితే పొట్టి వాక్యాలతోనే ఉత్కంఠ పుడుతుందనుకోవద్దు. పెద్ద వాక్యాల తర్వాత వస్తేనే అవి పొట్టిగా వినిపిస్తాయి.

ఇక అభ్యాసం. మీ పేజీ తీయండి. అందులో పైకి కనబడే ప్రశ్ననూ, అడుగున ఉన్న ప్రశ్ననూ రెండు వాక్యాల్లో రాయండి. రెండోది దొరక్కపోతే ఆ ఇద్దరిలో ఒకరు ఆ వస్తువును ఎందుకు వదులుకోలేకపోతున్నారో ఆలోచించండి, సాధారణంగా అక్కడే ఉంటుంది. తర్వాత ఒక చిన్న వస్తువునో అలవాటునో ఎంచుకుని మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, వివరణ లేకుండా చూపించండి. చివరి దృశ్యాన్ని ఎనిమిది వాక్యాలకు మించకుండా, ఏ భావానికీ పేరు పెట్టకుండా రాయండి. రాసింది ఒక రోజు పక్కన పెట్టి, మొదటి రెండు ప్రస్తావనలనూ కొట్టేసి చదివి చూడండి. చివరి దృశ్యం ఏమాత్రం బలహీనపడకపోతే మీరు ఎంచుకున్న వస్తువు పనిచేయడం లేదన్నమాట. ఇంకొకటి ఎంచుకుని మళ్లీ రాయండి.

ఆరో పాఠంలో పతాక సన్నివేశం తర్వాత కథను ఎన్ని వాక్యాల్లో ముగించాలో, ఎక్కడ ఆపేయాలో చూద్దాం.