ఫీజు కట్టేముందు ఒక పూట క్లాసులో కూర్చోండి

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటూ బ్యూటీషియన్ కోర్సులో చేరాలనుకుంటున్న మన అమ్మాయిలకు ఒక మాట. డబ్బు కట్టేముందు ప్రాక్టికల్ క్లాసు ఒక పూట చూస్తామని అడగండి. వ్యాక్సింగ్‌లో చర్మానికి తగిలిన పుల్లనే మళ్లీ మైనం డబ్బాలో ముంచుతున్నారా? మర్యాదగా లేచి వచ్చేయండి. ఒకరి చర్మం మీది క్రిములు ఇంకొకరికి అంటుకునేది అలాగే. చెవి వెనక కాస్త క్రీమ్ రాసి 24 గంటలు ఆగి, అది ఒంటికి పడుతుందో లేదో చూసే ప్యాచ్ టెస్ట్ నేర్పుతారేమో కనుక్కోండి. నేను చేరిన చోట అన్నీ బోర్డు మీదే చెప్పారు. అందుకే మొదటిసారి ఒకావిడ కనుబొమకు దారం పెడితే నా చేయి వణికింది, ఆవిడ కళ్లలో నీళ్లు! తర్వాత నా పిక్క మీదే సాధన చేశాను. ఫీజు భారమైతే ఐటీఐలో ఏడాది కాస్మెటాలజీ (బ్యూటీషియన్ పని) ట్రేడ్ ఉంది, అదీ కనుక్కోండి.