బాగుచేసిన మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందా? తప్పెక్కడుందో ఇలా పట్టుకోండి

పాత డ్రిల్లింగ్ మెషిన్ మోటారును విప్పి, దుమ్మంతా దులిపి, బేరింగులు మార్చి, ఓపిగ్గా రంగు కూడా వేశారు. స్విచ్ వేస్తే తిరిగింది. సంతోషించేలోపే, కరెంటు ఎక్కువైతే సప్లై కట్ చేసే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది. రీసెట్ నొక్కితే రెండు నిమిషాలకి మళ్లీ అదే కథ. ఇలాంటప్పుడు కొందరు వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్లు) పోయిందని తేల్చేస్తారు. ఇంకొందరు కాస్త పెద్ద రిలే తెచ్చి బిగిస్తారు. మొదటిది తొందరపాటు. రెండోది అంతకన్నా ప్రమాదం, ఇంకా కాలని వైండింగ్‌ని నిజంగానే కాల్చేస్తుంది.

విప్పకముందు బాగా నడిచిన మోటారు బిగించాక మొరాయిస్తోందంటే, అనుమానం ముందు మన చేతుల మీదికే పోవాలి. ఏమేం ముట్టుకున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. బేరింగులు, వాషర్లు, టెర్మినల్ బాక్సులో వైర్లు, కెపాసిటర్, పుల్లీ, రోటర్ (లోపల తిరిగే భాగం) మీద తుప్పు గీకడం... దొంగ సాధారణంగా ఆ జాబితాలోనే దాక్కుని ఉంటాడు.

పని మొదలుపెట్టే ముందు సప్లై తీసేయండి, ప్లగ్గు పీకి పక్కన పెట్టండి. కెపాసిటర్ ఉన్న మోటారైతే, సప్లై తీశాక కూడా అందులో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానుకుని, 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను దాని రెండు కాళ్లకి కొన్ని సెకన్లు ఆనించి, తర్వాత వోల్ట్ మీటర్‌తో చూసుకోండి. మూత తెరిచి ఉండగా, కరెంటు ఉన్న చోట కొలవడం అలవాటు లేకపోతే ఆ భాగం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

కొలత సరిగ్గానే ఉందా?

వైరు చుట్టూ దవడలు పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో, ఆ దవడల మధ్య ఒక్క వైరే ఉండాలి. కేబుల్ మొత్తాన్ని పట్టిస్తే పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మీటర్ సున్నా దగ్గరే నిలబడుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కరెంటుకి ఆరు నుంచి ఎనిమిది రెట్లు లాగడం సహజం, దాన్ని చూసి కంగారు పడొద్దు. వేగం అందుకున్నాక నిలకడగా ఉన్న అంకె రాసుకోండి. అదే సమయంలో మోటారు టెర్మినల్స్ దగ్గర వోల్టేజీ కూడా రాసుకోండి. గోడ సాకెట్ దగ్గర 230 ఉండి, పొడవాటి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు చివర 200 ఉంటే, లోడు మీద మోటారు ఆ లోటును ఎక్కువ ఆంప్స్ లాగి పూడ్చుకుంటుంది. అప్పుడు మార్చాల్సింది వైరుని.

బెల్టు తీసేసి నడపండి

ఈ ఒక్క పరీక్ష సగం వెతుకులాట తగ్గిస్తుంది. బెల్టు తీసి మోటారును ఒంటరిగా నడపండి. త్రీ ఫేజ్ మోటారైతే ఖాళీగా తిరిగేటప్పుడు నేమ్‌ప్లేట్ మీదున్న ఆంప్స్‌లో సుమారు 30 నుంచి 50 శాతం లాగుతుంది. చిన్న మోటార్లు, నిదానంగా తిరిగేవి ఇంకాస్త ఎక్కువ తీసుకుంటాయి. సింగిల్ ఫేజ్ మోటార్ల లెక్క వేరు. 60, 70 శాతం మామూలే, కొన్నింటిలో ఖాళీ కరెంటుకీ లోడు కరెంటుకీ పెద్ద తేడానే ఉండదు. ఇది తెలియక మంచి మోటారును మళ్లీ విప్పినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఖాళీగా సరిగ్గానే ఉండి బెల్టు వేశాకే పెరుగుతుంటే, తప్పు చాలావరకు మెషిన్ వైపే. ఖాళీగా తిరుగుతూ కూడా నేమ్‌ప్లేట్ అంకెను దాటుతుంటే తప్పు మోటారులోనో, దానికిచ్చిన కనెక్షన్‌లోనో ఉంది.

బేరింగు మీద నింద వేసే ముందు

ఖాళీగా ఎక్కువ లాగుతోందంటే వెంటనే "బేరింగు బిగుసుకుంది, గ్రీజు ఎక్కువైంది" అంటారు. లెక్క వేస్తే ఈ మాట నిలబడదు. 400 వోల్టుల మీద ఖాళీగా 1.9 ఆంప్స్ లాగే త్రీ ఫేజ్ మోటారు ఉందనుకుందాం. అది నిజంగా ఖర్చు చేసే పవర్ 180 వాట్లే అనుకోండి. అంటే ఆ 1.9లో పనికి వెళ్లేది పావు ఆంప్ మాత్రమే. మిగతాదంతా ఇనుములో అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికి వచ్చిపోయే కరెంటు. బేరింగు బిగుసుకుని ఇంకో 50 వాట్లు తిన్నా మీటర్ మీద 1.9 కాస్తా 1.91 అవుతుంది, అంతే.

అందుకే బిగుసుకున్న బేరింగు చేతికి తెలుస్తుంది, వేడిలో తెలుస్తుంది, ఆంప్స్‌లో పెద్దగా తెలియదు. వాట్ మీటర్ దొరికితే పని ఇంకా సులువు. ఆంప్స్ ఎక్కువ ఉండి వాట్లు తక్కువ ఉంటే అయస్కాంతం వైపు చూడండి: వోల్టేజీ, కనెక్షన్, చుట్ల సంఖ్య, గాలి సందు (రోటర్‌కీ దాని చుట్టూ కదలకుండా ఉండే భాగానికీ మధ్య ఖాళీ). వాట్లు కూడా ఎక్కువే ఉంటే రాపిడి, వైండింగ్‌లో షార్ట్, కోర్ (లోపలి ఇనుము) దెబ్బతినడం లాంటివి చూడాలి.

టెర్మినల్ బాక్సు మూత తీయండి

త్రీ ఫేజ్ మోటారులో మూడు కాయిల్స్‌ను కలిపే రెండు పద్ధతులే స్టార్, డెల్టా. నేమ్‌ప్లేట్ మీద డెల్టా 230, స్టార్ 400 అని ఉన్న మోటారుకి 400 వోల్టులు ఇస్తుంటే స్టార్‌లోనే కలపాలి. విప్పినప్పుడు తీసిన రాగి పట్టీలు తిరిగి పెట్టేటప్పుడు డెల్టాలో పడితే, ఒక్కో కాయిల్‌కి 1.73 రెట్లు వోల్టేజీ అందుతుంది. ఇనుము తట్టుకోలేదు, మోటారు గట్టిగా రొద చేస్తుంది, లోడు లేకుండానే నేమ్‌ప్లేట్ ఆంప్స్ దాటి నిమిషాల్లో కాలుతుంది. ఇక దీనికి తలకిందులైన తప్పు ఇంకా మోసం చేస్తుంది. డెల్టాలో నడవాల్సిన మోటారును స్టార్‌లో కలిపితే ఖాళీగా చాలా చక్కగా, చప్పుడు లేకుండా, తక్కువ కరెంటుతో తిరుగుతుంది. లోడు పడగానే బలం చాలక వేగం తగ్గి కరెంటు పెరుగుతుంది. స్టార్‌లో దాని బలం మూడో వంతే మరి.

వైర్ల మీద గుర్తులు చెరిగిపోయి అందాజాగా కలిపి ఉంటే, ఒక ఫేజు కాయిల్ తలకిందులయ్యే అవకాశం ఉంది. అప్పుడు మోటారు గుర్రుమంటుంది, మూడు ఫేజుల్లో కరెంటు మూడు రకాలుగా ఉంటుంది.

హెర్ట్జ్ కూడా చూడండి. 60 హెర్ట్జ్‌కి చేసిన పాత మోటారును అదే వోల్టేజీతో 50 హెర్ట్జ్ మీద నడిపితే ఇనుములో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరుగుతుంది. 230 వోల్టుల మోటారైతే 190 దగ్గరే ఇవ్వాల్సి ఉంటుంది.

సింగిల్ ఫేజ్ అయితే "టిక్" వినండి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక డ్రిల్లింగ్ మెషిన్ మోటారు, నేమ్‌ప్లేట్ మీద 5.5 ఆంప్స్. బేరింగులు మార్చి బిగించాక ఖాళీగానే 14 చూపించింది, పైగా రాళ్లు నమిలినట్టు శబ్దం. కెపాసిటర్ మార్చాను, లాభం లేదు. వైండింగ్ రెసిస్టెన్స్ చూశాను, బాగానే ఉంది. చివరికి గమనించిందేమిటంటే, స్విచ్ ఆపాక మోటారు నెమ్మదించేటప్పుడు రావాల్సిన "టిక్" రావడం లేదు.

ఇలాంటి మోటారులో స్టార్టింగ్ వైండింగ్‌ను వేగం అందుకోగానే విడదీసేది సెంట్రిఫ్యూగల్ స్విచ్. రోటర్ మీదున్న బరువులు విచ్చుకుంటే కాలర్ వెనక్కి జరిగి కాంటాక్టు తెరుచుకుంటుంది. నేను బేరింగు వెనక ఉండే వంకర స్ప్రింగ్ వాషర్‌ను పొరపాటున రెండో వైపు పెట్టాను. దాంతో రోటర్ స్విచ్ వైపు 3 మిల్లీమీటర్లు జరిగింది. కాలర్ వెనక్కి జరిగినా ఇంకా కాంటాక్టును నొక్కుతూనే ఉంది. స్టార్టింగ్ వైండింగ్ ఎప్పటికీ విడిపోలేదు. వాషర్ దాని చోట పెట్టగానే కరెంటు 3.8కి దిగింది. అప్పటినుంచి విప్పే ముందు వాషర్ల ఫోటో తీయడం అలవాటైంది.

రోటర్ అవతలి వైపు జరిగితే దీనికి వ్యతిరేకం. కాంటాక్టు అసలు కలవదు, మోటారు హమ్ చేస్తూ కదలకుండా బోలెడు కరెంటు లాగుతుంది. ఏదైనా సరే, మూత బిగించే ముందు కాంటాక్టుల మీద రంగు చినుకులు, గ్రీజు లేకుండా చూసుకోండి.

నడిచినంతసేపూ కనెక్షన్‌లో ఉండే రన్ కెపాసిటర్‌ను మోటారు నడుస్తుండగానే పరీక్షించొచ్చు. దాని గుండా పోయే ఆంప్స్‌ని 3183తో గుణించి, దాని రెండు కాళ్ల మధ్య ఉన్న వోల్టులతో భాగిస్తే మైక్రోఫారడ్లు వస్తాయి. ఇది 50 హెర్ట్జ్‌కి, 60 అయితే 2653. ఉదాహరణకి 2.2 ఆంప్స్, 280 వోల్టులు ఉంటే 25 మైక్రోఫారడ్లు. డబ్బా మీద 25 అనే ఉంటే సరే, 15 వస్తే మార్చాల్సిందే. స్టార్ట్ కెపాసిటర్‌ను రన్ స్థానంలో పెట్టొద్దు. అది కొన్ని సెకన్ల కోసమే చేసింది, ఉబ్బి పగులుతుంది.

మూడు ఫేజుల్లో ఒకటే ఎక్కువ చూపిస్తుంటే

ఒక లైనులో 4.6, మిగతా రెండింట్లో 3.5, 3.6 వస్తున్నాయనుకోండి. సప్లై ఆపి, మోటారు మూడు వైర్లనీ ఒక్కో స్థానం పక్కకి జరపండి. మూడూ జరిగాయి కాబట్టి తిరిగే దిశ మారదు. మళ్లీ కొలిస్తే 4.6 అదే సప్లై లైనులో ఉంటే దోషం సప్లైది: కాలిన కాంటాక్టరు (మోటారుకి సప్లై కలిపే పెద్ద స్విచ్), వదులైన స్క్రూ, వోల్టేజీ తేడా. మోటారు వైరుతో పాటు జరిగిపోతే దోషం మోటారుది. వోల్టేజీలో ఒక శాతం తేడా కరెంటులో 6 నుంచి 10 శాతం తేడా తెస్తుంది. కాబట్టి 392, 400, 408 అన్నవి చూడ్డానికి దగ్గరగానే ఉన్నా, ఆ 2 శాతమే చాలు.

రీవైండింగ్ జరిగిన మోటారు, లేత్ ఎక్కిన రోటర్

కొత్తగా చుట్టిన మోటారు ఖాళీగానే ఎక్కువ లాగుతుంటే చుట్లు తక్కువ పడ్డాయేమో అడగండి. పది శాతం చుట్లు తగ్గడమంటే 11 శాతం వోల్టేజీ ఎక్కువ ఇచ్చినట్టే. ఒక చిన్న పరీక్ష ఉంది. వేరియాక్ (వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్)తో ఖాళీ మోటారు వోల్టేజీని పది శాతం తగ్గించండి. కరెంటు అటూ ఇటూగా అంతే తగ్గితే ఫర్వాలేదు. దానికి రెండు మూడు రెట్లు పడిపోతే ఇనుము ఇక మోయలేనంతగా అయస్కాంతంతో నిండిపోయి ఉందని అర్థం. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్)తో 500 వోల్టుల మీద బాడీకి ఇన్సులేషన్ చూడటం తప్పనిసరి, 1 మెగా ఓమ్ కన్నా తక్కువైతే సప్లై ఇవ్వొద్దు. అయితే చుట్టుకీ చుట్టుకీ మధ్య షార్ట్‌ను మెగ్గర్ చూపించదు. మూడు ఫేజుల రెసిస్టెన్స్ పోల్చి చూడటం, కాసేపు నడిపి ఒకేచోట వేడెక్కుతోందేమో చూడటం దానికి మార్గం.

రోటర్ మీది తుప్పు పోగొట్టడానికి లేత్ మీద పల్చగా ఒక కట్ తీసి ఉంటే మాత్రం ఆ నష్టం తిరిగి పూడదు. చిన్న మోటారులో గాలి సందు ఒక్కో వైపు 0.3 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. వ్యాసార్థంలో 0.1 తీసినా సందు మూడో వంతు పెరిగినట్టే, ఆ మేరకు అయస్కాంతానికి అవసరమయ్యే కరెంటూ పెరుగుతుంది. తుప్పుకి చేత్తో రుద్దే ఎమెరీ చాలు, అదీ ఊడివచ్చేంతవరకే.

బెల్టు వేశాకే పెరుగుతుంటే

బెల్టు మరీ బిగువుగా ఉందా, పుల్లీలు వరుసలో ఉన్నాయా, మోటారు పుల్లీ పాతదాని కన్నా పెద్దదా అన్నవి చూడండి. తర్వాత స్పిండిల్ బేరింగులు అతిగా బిగించారా, గేర్ బాక్సులో మందపాటి ఆయిల్ పోశారా అన్నవి. బెల్టు లేకుండా స్పిండిల్‌ను చేత్తో తిప్పితే చాలావరకు తెలిసిపోతుంది.

అంతా సరైందనిపించాక మోటారును ఖాళీగా అరగంట, తర్వాత మామూలు లోడుతో ఇంకో అరగంట నడపండి. రెండు సార్లూ వచ్చిన ఆంప్స్, వోల్టులు, తేదీ ఒక స్టిక్కర్ మీద రాసి టెర్మినల్ బాక్సు మూత లోపల అతికించండి.