వసంత వలసలో తీరపక్షులు: పోటును బట్టి రోజును అమర్చుకోవడం

తీరానికి ఎన్నింటికి చేరాలన్నది ముందురోజు రాత్రే ఆటుపోట్ల పట్టిక చూసి తేల్చుకోండి. నీరు బాగా తీసిన వేళ వెళ్తే పక్షులు బురదమేటల చివర ఎక్కడో చుక్కల్లా కనిపిస్తాయి. పోటు నిండడానికి రెండు మూడు గంటల ముందు చేరి కూర్చుంటే, ఎక్కే నీరే వాటిని మెల్లగా మీ వైపు నెట్టుకొస్తుంది. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీరు మరీ ఎక్కుతుంది. తిన్నెలు కూడా మునిగే చోటైతే పక్షులు దగ్గర్లోని ఉప్పుమడులకో మడుగులకో వెళ్లిపోతాయి. అవి ఎగిరిన దిక్కు గమనించి పెట్టుకోండి.

సూర్యుడు వీపు వెనక ఉండేలా కూర్చోండి. ఎదురెండలో రంగులన్నీ నల్లబడతాయి. 8×42 (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. ముందు లెన్సున్న) బైనాక్యులర్స్ చాలు, 20-60 రెట్ల స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి చూసే దూరదర్శిని) ఉంటే మరీ మంచిది. ఎండెక్కాక బురద మీద గాలి అలలాడుతుంది. అప్పుడు జూమ్ పెంచితే బొమ్మ ఇంకా చెదురుతుంది, 25-30 దగ్గరే ఆపండి. గాలి విసురుగా ఉంటే ట్రైపాడ్ మధ్య కడ్డీ ఎత్తకండి.

గుర్తుపట్టడంలో ముందు ముక్కు, కాళ్లు, మేత తీరు చూడండి, రంగు ఆ తర్వాత. వసంతంలో ఈకలు మారుతుంటాయి, అందుకే ఒకే గుంపులో ఒక కర్లూ శాండ్‌పైపర్ పూర్తిగా ఇటుక ఎరుపులో, పక్కది బూడిదరంగు మీద ఎర్రటి మచ్చలతో ఉంటుంది. రెంటికీ చివర కిందికి వంగిన పొడుగు ముక్కే ఆధారం. స్టింట్లనే బుల్లి తీరపక్షుల్లో కాళ్లు నల్లగా ఉంటే లిటిల్ స్టింట్, పసుపుపచ్చగా ఉంటే టెమింక్స్ స్టింట్ కావచ్చు. కాళ్లకు బురద అంటితే ఈ తేడా తెలియదు, అది నీళ్లలోకి దిగేదాకా ఆగండి. గ్రే ప్లవర్ రెక్క ఎత్తగానే చంకలో నల్లటి మచ్చ కనిపిస్తుంది. అది చూశాక ఇక సందేహం ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం, గుంపును లేపకండి. ముందున్న దూరప్రయాణానికి కొవ్వు పట్టించుకునే రోజులివి, ఎగిరిన ప్రతిసారీ అది కరిగిపోతుంది. మేత ఆపి మెడలు నిక్కించాయంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేశారన్నమాట. అక్కడే ఆగి వెనక్కి తగ్గండి. నేరుగా వాటి మీదికి నడవకుండా ఏటవాలుగా, వంగి వెళ్లండి.

పక్షి కాలికి రంగు జెండా (వలసను తెలుసుకోవడానికి పరిశోధకులు తొడిగే చిన్న ప్లాస్టిక్ పట్టీ) కనిపిస్తే రంగు, అక్షరాలు, ఏ కాలు, మోకీలులా కనిపించే కీలుకు పైనా కిందా అన్నవన్నీ అక్కడికక్కడే రాసుకోండి. కుడి ఎడమలు పక్షివి, మీవి కావు. పెద్ద గుంపును లెక్కించేటప్పుడు ముందు పది పక్షులు ఎంత మేర ఆక్రమిస్తాయో చూసి, అదే కొలతతో గుంపంతా కొలవండి.

తిరిగొచ్చాక లెన్సును పొడిగుడ్డతో తుడిస్తే ఇసుక, ఉప్పు గీతలు పెడతాయి. ముందు రబ్బరు ఊదుడుబుడ్డితో ఇసుక ఊదేసి, నీరు చొరని రకమైతే మంచినీళ్లతో కడిగి, ఆపైనే మెత్తటి లెన్సుగుడ్డ వాడండి.