ఖర్చుల యాప్ కొనేముందు ఓ నెల ఆగండి

ఖర్చులు రాసుకోవడానికి యాప్ కొందామనుకుంటున్నారా? ముందు ఒక నెల ఉచితంగా దొరికేదానితో నడిపి చూడండి. నేను ఏడాదికి పన్నెండు వందలు పోసి ఒకటి కొన్నాను, మూడో వారానికే తెరవడం మానేశాను. గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఆటోపే ఉందని మర్చిపోయా, రెండో ఏడాది డబ్బులు కూడా కట్ అయ్యాయి!

ఇప్పుడు మా ఇంట్లో గూగుల్ ఫామ్ వాడుతున్నాం. మూడే ప్రశ్నలు: ఎంత, దేనికి, ఎవరు పెట్టారు. దాని లింకు ఇద్దరి ఫోన్లలోనూ హోమ్ స్క్రీన్ మీద ఉంటుంది. కూరల బండి దగ్గర టమాటాలు సంచీలో పడేలోపు "140, కూరలు" అని కొట్టేయొచ్చు. అది నేరుగా గూగుల్ షీట్‌లోకి చేరుతుంది, తేదీ, టైము దానంతటవే పడతాయి. నెలాఖరున షీట్‌లోనే పివట్ టేబుల్ (ఒక్కో పద్దుకు మొత్తం కూడి చూపే పట్టిక) వేస్తే దేనికెంతో తేలిపోతుంది. పైసా ఖర్చు లేదు.

బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు చదివి లెక్క తామే వేసుకునే యాప్‌లు సుఖమే గానీ, యూపీఐ లైట్‌తో (ముందే కొంత డబ్బు వేసుకుని, పిన్ కొట్టకుండా చిన్న మొత్తాలు కట్టే పద్ధతి) కట్టే చిల్లర వాటికి సరిగా చిక్కదు. లైట్‌లోకి వేసుకున్న 2000 ఒకే పద్దుగా కనిపిస్తుంది. అందులో టీలకెంత, ఆటోకెంత అన్నది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో విడివిడిగా రాదు. పైగా మన మెసేజ్‌లన్నీ చదవనివ్వాలి, నాకది మనసొప్పలేదు.

అయినా కొనాలనుకుంటే, లెక్కలన్నీ ఎక్సెల్ ఫైలుగా బయటికి తీసుకునే వీలుందో లేదో ముందే చూడండి. ఫ్రీ ట్రయల్ ముగిసేలోపు యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, వద్దనుకుంటే ఆ మాండేట్ (డబ్బు తీసుకోవడానికి మనమిచ్చిన అనుమతి) రద్దు చేసేయండి.