విశాఖలో చదువుకునేవారికి ఆటు వేళ కాలక్షేపం

విశాఖపట్నంలో హాస్టళ్లలో ఉండి చదువుకునే విద్యార్థులు సెలవు దొరికితే ఆర్కే బీచ్‌కో, సినిమాకో వెళ్తుంటారు కానీ, భీమిలి బస్సెక్కి మంగమారిపేట దగ్గర దిగి, సముద్రం ఆటు మీదున్నప్పుడు రాళ్ల మధ్య గంటసేపు తిరిగితే కలిగే ఆనందం వేరు. వెనక్కి తగ్గిన నీరు రాతి గుంటల్లో నిలిచిపోతుంది. అక్కడ కదలకుండా కూర్చుని చూస్తే, అరువు తెచ్చుకున్న గుల్లను మోసుకుంటూ నడిచే సన్యాసి పీతలూ, పూవులా విచ్చుకుని ఏదైనా తగలగానే ముడుచుకుపోయే సీ అనెమొనీలూ కనిపిస్తాయి.

పౌర్ణమి, అమావాస్యల రోజుల్లో నీరు ఎక్కువ దూరం తగ్గుతుంది. ఆటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఆటుపోట్ల వేళలు చూసుకుని, నీరు పూర్తిగా తగ్గే వేళకు గంట ముందే చేరుకోవడం మేలు. నాచు పట్టిన రాళ్లు బాగా జారుతాయి కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకోండి, అలలకు వీపు పెట్టి నిలబడకండి, పోటు మొదలవగానే ఒడ్డుకు వచ్చేయండి. గుల్లలు మాత్రం దయచేసి ఏరుకోవద్దు, ఖాళీగా కనిపించేది కూడా రేపు ఒక పీతకు ఇల్లవుతుంది.