పెరట్లో చీమలు, 3వ పాఠం: చంపాలా, తరమాలా, వదిలేయాలా?

ఈసారి కుండీల్లో గూళ్ల సంగతి చెప్పాల్సింది. కానీ పోయిన పాఠంలో చెప్పిన ఎరతో, అంటే చక్కెర నీళ్లలో బోరిక్ పౌడరు కలిపి చీమలకి పెట్టే మందుతో, సగం మంది తంటాలు పడ్డట్టున్నారు. ముందు ఆ లెక్క తేల్చాలి.

"మందు పెట్టినాక చీమలు ఇంకా ఎక్కువైనాయి సార్" అని చాలామంది రాశారు. ఎక్కువ కావాలనే కదా పెట్టింది! బారులు కట్టి వచ్చి తాగాలి, గూటికెళ్లి నోటి నుంచి నోటికి పంచాలి. అప్పుడే లోపలున్న రాణికి చేరుతుంది. ఆ బారు మీదే చీమల చాక్‌పీసు గీసేసి, ఎర పనిచేయలేదంటే నేనేం చెప్పను? ఎర దగ్గర స్ప్రే, ఫినాయిల్, పసుపు ఏవీ వద్దు. వారం పది రోజులు ఆగలేనివాళ్లు ఈ పద్ధతి జోలికే పోవద్దు.

ఇక అసలు గొడవ మోతాదు. 200 మి.లీ. గ్లాసు నీళ్లకి 50 గ్రాముల చక్కెర, 2 గ్రాముల బోరిక్ పౌడరు అన్నాను. సుమారు 1 శాతం. తిరుచానూరు వైపు ఒకరు రెండు స్పూన్లు కుప్పగా వేశారు. చిత్తూరులో ఒకరు చక్కెర ఎంతో బోరిక్ అంత కలిపారు. పీలేరు నుంచి రాసినాయన నీళ్లతో పనేముందని పొడిని నేరుగా గూటి రంధ్రంలో పోశాడు. ముగ్గురికీ ఒకటే జరిగింది: ఎర పక్కన నాలుగు చచ్చిన చీమలు, కొంచెం అవతల కొత్త రంధ్రం. ఘాటెక్కువైతే చీమ ముట్టదు. ముట్టినా దారిలోనే చస్తుంది, గూటికి ఏమీ చేరదు. బయట తిరిగే చీమలు ఎన్ని చచ్చినా రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. కాబట్టి మందు నిదానంగానే పనిచేయాలి. "కాస్త ఎక్కువేస్తే తొందరగా పోతాయి కదా" అని ఇంకెవరూ నాకు రాయొద్దు. స్పూను కొలతని నమ్మకండి. ప్యాకెట్ 10 గ్రాములైతే కాగితం మీద ఐదు భాగాలు చేసి, ఒక్క భాగమే గ్లాసులో వేయండి. సీసా మూతలో దూది పెట్టి తడపండి, మన ఎండకి ఆరిపోతుంది కాబట్టి తరచూ మార్చండి. మట్టిలో మాత్రం ఒంపొద్దు, బోరాన్ ఎక్కువైతే ఆకుల అంచులు మాడతాయి. పిల్లలకీ కుక్కలకీ అందనిచోట పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

అసలు ఎర అవసరమా అన్నది వేరే ప్రశ్న. గోడవారన మట్టిలో గూడు పెట్టుకుని మీ జోలికి రాని చీమల్ని నేనైతే ముట్టుకోను, చెదల్ని తినేది అవే. మామిడి ఆకుల్ని కుట్టి గూడు కట్టే ఎర్రచీమలూ అంతే. పురుగుల్ని వేటాడతాయి, కాయలు కోసే రోజున కరిస్తే ఓర్చుకోవాలి.

మందారం మీదికి చీమలు ఎక్కుతున్నాయంటే ఆకు తిప్పి చూడండి. పిండినల్లో పేనుబంకో ఉంటుంది. అది వదిలే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి. అక్కడ చీమల్ని చంపి లాభంలేదు. లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

వానల్లేని రోజుల్లో కుండీలో గూడుంటే చాలాసార్లు మట్టి ఎండిపోయిందని అర్థం. కుండీని బక్కెట్ నీళ్లలో అంచు దాకా అరగంట ముంచితే గుడ్లు నోట కరుచుకుని పైకి వస్తాయి. అక్టోబరు వానలకి నేల తడిసి కుండీల్లోకి ఎక్కినవాటిని నేను కదపను. వానలు తగ్గాక చూసుకుంటాను.

కుట్టే కొరివిచీమలు పిల్లలు నడిచే దారిలో ఉంటే మాత్రం దయ వద్దు. పొద్దున్నే, వేర్లకి దూరంగా ఉన్న గూడైతేనే, మరిగే నీళ్లు పెద్ద గిన్నెడు పోయండి. ఒక్కసారికే పోవు, మళ్లీ పోయాలి.

అభ్యాసం. ఒక పలక మీద బెల్లం పాకం చుక్క, శెనక్కాయల పొడి చిటికెడు, ఎండుచేప ముక్క దూరదూరంగా పెట్టండి. ఎండెక్కకముందు ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి, అరగంట తర్వాత దేని మీద ఎన్ని చీమలున్నాయో లెక్కపెట్టండి. వారం రోజులు, పెరట్లో ఉన్న ప్రతి గూటికీ విడివిడిగా. ప్రతి బారునీ రెండు కొసల దాకా వెంబడించి పటం గీయండి. తీపికి రానివాటికి చక్కెర ఎర ఎన్నాళ్లు పెట్టినా దండగే. ఆ పటం చేతిలో లేకుండా నాలుగో పాఠం తెరవొద్దు.